తిరుమలలో పెరటితోటను ఏలుకొను విధానము

తిరుమలమీద నివాసయోగము కలిగి, ఇంటివెనుక రెండు మంచములు పట్టునంత జాగా చిక్కిన గృహస్థుడు, చైత్రము ప్రవేశింపగానే తోట వేయవలెనని సంకల్పించుట సహజము. అట్టివాడు మొట్టమొదట సంపాదింపవలసినది విత్తనము కాదు, ఎరువు కాదు. ఈ తోట నాది యను దృఢవిశ్వాసము. క్రింద తిరుపతి కత్తిరి యెండలకు పెనమువలె కాలుచుండగా, సుమారు 2,800 అడుగుల యెత్తున నున్న మనకు తెల్లవారుజామున చల్లగాలి వీచును గదా, మల్లె విరియును గదా, ఇక కొరతయేమని మురిసిపోవలెను. ఆ మురిపెము కోతులు నిద్రలేచు వేళవరకు నిలుచును.

మల్లెకు మాఘమాసముననే ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పాదు త్రవ్వి, ఎరువు వేసి, కొన్నాళ్లు నీరు మాన్పి పిమ్మట విడిచినచో, చైత్రమునకు చిగురుతోపాటు మొగ్గ తొడుగును. ఇంత చేసిన పిదప ఆ పూలను ఇల్లాలు ముడువరాదు. కొండమీద పూచినదెల్ల స్వామిదే. స్వామి ధరించిన మాలలు సైతము ఒకరికీయక పూలబావిలో విడుచుట పూర్వాచారము. కావున ఇల్లాలికి మల్లెలమీద మనసైనచో, ఆమెను తిరుపతికి దింపి, బజారున మూర కొని ముడిపించి, కొండయెక్కుటకు ముందే తీయింపుడు. పెరటిలో పొదను పెంచుచు అంగడిలో పూలు కొనుటయే ఈ విద్యలోని వైరాగ్యభాగము.

ఈ శాస్త్రమునకు మూలపురుషుడు అనంతాళ్వారు. కొండచలికి జంకి తక్కిన శిష్యులు తలలు వంచుకొనగా, రామానుజాచార్యుల కోరికపై తానొక్కడే వచ్చి, చెరువు త్రవ్వి, పూలతోట వేసిన మహానుభావుడు. ఆయన చరిత్రనుండి కూలీల విషయమున నేర్వదగినది చాల కలదు. తాను త్రవ్వుచు, నిండుచూలాలైన భార్యచే మట్టితట్టలు మోయించుచుండగా, ఎవరో కుర్రవాడు వచ్చి ఆమె తట్టనందుకొనెనట. తన కైంకర్యములో పరులకు పాలేమని ఆళ్వారు గునపము విసరగా, అది కుర్రవాని రూపున వచ్చిన స్వామి గడ్డమునకే తగిలెనట. ఆ గాయమున నేటికిని పచ్చకర్పూర మద్దుచున్నారు. ఆ గునపము మహాద్వారమున నేటికిని వ్రేలాడుచున్నది. తోటమాలి తొందరపాటును ఇంత భద్రముగా దాచియుంచిన చోటు లోకమున మరియొకటి యుండదు. మీ గునపము గోడకు చేరవేసి, వచ్చిన కుర్రవానికి మజ్జిగ పోయుడు.

ఇక క్రిమికీటకములు. మందు చల్లుట సులభము. మీకా సౌలభ్యము లేదు. అనంతాళ్వారు ఒకప్పుడు ప్రసాదపు మూట కట్టుకొని కొండ దిగి, దారిలో విప్పిచూడగా చీమలు కనబడెనట. కులశేఖరాళ్వారు రాజై యుండియు ఈ కొండపై కొంగగానైనను, చేపగానైనను, సంపెంగచెట్టుగానైనను పుట్టిన చాలునని కోరినవాడు గదా, ఇవియు అట్టి మహాత్ములే కావచ్చునని తలచి, ఆ చీమలను మరల కొండకు చేర్పించెను. ఈ న్యాయమున మీ పెరటిలో నెవరెవరున్నారో చెప్పుట కష్టము. నందివర్ధనమునందలి వ్రేలంత లావు పచ్చని పురుగు, తాకగానే తల ముడిచి రెండు నీలికన్నులు చూపును. అవి కన్నులు గావు, వట్టి మచ్చలు. అయినను బెదరుట మర్యాద. కరివేపాకుమీద పక్షిరెట్ట యని మీరు తుడువబోయినది రేపటి సీతాకోకచిలుక. ఆ చెట్టుపండ్లు నల్లబడినంతనే పికిలిపిట్టలు దిగును. వానిని అదలింపబోవునప్పుడు రాజదర్శనమున కేగునట్లు ఉత్తరీయము సవరించుకొనుట మంచిది. పూలు కోయుచుండగా పాము కరచినను ఆళ్వారు మందు వెదకక, బ్రతికినచో పుష్కరిణిలోను, లేనిచో విరజానదిలోను స్నానమాడెద నని పని సాగించెనట; ఈ యొక్క విషయమున మాత్రము వైద్యశాలకు పరుగెత్తుడు.

బంగారుబల్లిని తాకుటకై కంచికి పోయి వరుసలో నిలుచు మనవారు, ప్రాణమున్న బంగారుబల్లి ఈ శేషాచలపు బండల నెరియలలోనే యున్నదని తలపరు. 1870లో బెడ్డోము దొర దానిని శాస్త్రలోకమున కెరిగించెను. అది మీ గోడమీదికి వచ్చునని ఆశపడకుడు. దానికి బండలతో పని, మీ తోటతో కాదు.

తుదకు పూలదొంగలు. అనంతాళ్వారు తన తోటలో రాత్రులు పూలు మాయమగుచుండగా కాపుకాచి, జంటగా వచ్చినవారిలో స్త్రీని పట్టి చెట్టునకు కట్టివేసెను. పురుషుడు ఆలయమునకు అప్రదక్షిణముగా పరుగెత్తి తప్పించుకొనెను. తెల్లవారి చూడగా ఆమె అలమేలుమంగ. ఆమెను పూలబుట్టలో నుంచి అప్పగించి, ఆయన స్వామికి మామగారయ్యెను. బ్రహ్మోత్సవముల మరునాడు స్వామి ఆ తోటకు అప్రదక్షిణముగా వేంచేయు బాగ్‌సవారి యిందుకే. మనకు అంత బంధుత్వము పట్టునను నమ్మకము లేదు. కావున రాత్రి పెరటిలో అలికిడియైనచో దీపము వెలిగింపక పడుకొనుడు. వచ్చినది స్వామియైనచో మీకు పట్టుబడడు. కోతియైనచో పట్టుబడినను లాభము లేదు. దేవాంగపిల్లియైనచో దానికి మీకన్న సిగ్గెక్కువ. చిరుతయని తోచినచో, వాకిలి గడియ పడియున్నదో లేదో మాత్రము లేచి చూచుకొనవచ్చును.