పాట మిగిలింది, కట్టినోడి పేరేది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – ఈ మూడు ఊళ్లలో ఎక్కడ బరాత్ తీసినా ఇప్పుడు ఒక పాట మోగి తీరాలి. ట్రాలీ మీద మనిషెత్తు డీజే డబ్బాలు పేర్చి, ‘బండెనక బండి’ అందుకుంటారు. పల్లవి వస్తుంది, వెనకే బీటు వస్తుంది, మళ్లీ పల్లవే వస్తుంది. చరణం మాత్రం రాదు. పెళ్లికొడుకు దోస్తులు చెమటలు కారేదాకా ఎగురుతారు. వాళ్లలో ఒకణ్ణి ఆపి “ఇది ఎవరి పాటరా?” అంటే గద్దర్‌ది అంటాడు, లేదంటే ఈమధ్య యూట్యూబ్‌లో పాడిన పిల్ల పేరు చెబుతాడు. బండి యాదగిరిది అని చెప్పినవాణ్ణి నేనింకా చూడలేదు. పాట పుట్టిన జిల్లాలోనే కట్టినవాడి పేరు తెలియకుండా పోయింది. నాకు కడుపు మండేది ఇందుకే.

మా రోజుల్లో పాట వినాలంటే సభకు పోవాలి. పొద్దుగూకినాక బొడ్రాయి దగ్గరో బడి ముందరో జనం చేరేవాళ్లు. పాట మొదలయ్యేముందు డప్పులు కాచడం ఒక పెద్ద పని. గడ్డి మంటేసి, డప్పును దాని మీద తిప్పుతూ, మధ్యమధ్య వేలితో కొట్టి చూసేవాళ్లు. తోలు బిగిసి ఖణేల్‌మనేదాకా ఎవరూ తొందరపడేవాళ్లు కాదు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. పాడేవాడొకడు, వంత పాడేవాళ్లు ఇద్దరు. రెండో చరణానికల్లా వంత జనానిదయ్యేది. ఏ మాట దగ్గర జనం కదిలారో పాడేవాడు చూసుకునేవాడు. అక్కడ ఆగి, ఆ మాటనే తిప్పి తిప్పి పాడేవాడు, మధ్యలో ముచ్చట చెప్పేవాడు, ఆ ఊరి దొర సంగతి ఎత్తేవాడు, మళ్లీ పాటలోకి దిగేవాడు. ఒక్కో పాట అరగంట నడిచేది. ఎవరూ లేచిపోయేవాళ్లు కాదు.

‘బండెనక బండి’ పాటలో బండ్లు ఎందుకొచ్చాయో ఇప్పుడు పాడేవాళ్లు ఎంతమంది చెప్పగలరు? తెలంగాణ సాయుధ పోరాటానికి ముందు సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే భూస్వామి ఉండేవాడు. ఆయన కింద లక్షా యాభై వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు. ఇలాంటి దొరలకు గానీ సర్కారు అధికార్లకు గానీ ప్రయాణం పడిందంటే రైతు తన బండి, తన ఎడ్లు తోలుకుని పోవాల్సిందే. కూలి లేదు. కారు మీద ఉన్న చేను ఎండిపోయినా అడిగే దిక్కులేదు. దాని పేరే వెట్టి. అందుకని బండి వెనక బండి అన్నప్పుడు మా పెద్దలకు ఊరేగింపు కనపడేది కాదు, పొలంలో ఉండాల్సిన తమ ఎడ్లు దొర బండికి కట్టి కనపడేవి. ఆ కోపంలోంచి యాదగిరి పాట కట్టాడు. ఆ కోపం తెలియకుండా ఆ పల్లవి మీద చిందులేస్తుంటే చూడలేకపోతున్నాను.

నా తగవు కొత్త గొంతుతో కాదు. ఈ పాట పుట్టిన దగ్గర్నించి గొంతులు మారుతూనే ఉంది. మా ఊరి ముసలోళ్లు ప్రతాపరెడ్డి పేరు పెట్టి పాడేవాళ్లు. పోరాటం పెద్దదయ్యాక అదే పాట నైజాం సర్కారు మీదికి తిరిగింది. 1980లో ‘మా భూమి’ సినిమా వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి.నర్సింగరావు నిర్మాత. అందులో గద్దర్ తెర మీదికొచ్చి ఆ పాట ఎత్తుకున్నాడు. పోరాటం ఆగిపోయి అప్పటికి ముప్పై ఏళ్లు కావస్తోంది. దళాల్లో తిరిగిన మనుషులు ముసలివాళ్లై హాల్లో కూర్చుని ఉన్నారు. కొత్త మనిషి పాడాడని ఒక్కరూ నొచ్చుకోలేదు. ఎందుకు నొచ్చుకుంటారు? మాట మాటలాగే ఉంది, తెగువ తెగువలాగే ఉంది. పాత పాటను కొత్త మనిషి అందుకోవడమంటే మాకు తెలిసింది అదీ.

అదే సినిమాలో సుద్దాల హనుమంతు కట్టిన ‘పల్లెటూరి పిల్లగాడా’ను సంధ్య పాడింది. హనుమంతు అప్పటికి బతికే ఉన్నారు, 1982లో పోయారు. పసులగాసే పిల్లగాడి మీద ఆయన పెట్టుకున్న కనికరమంతా ఆ ఆడగొంతులో దిగింది. మా కర్విరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం కూడా అంతే. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న ఉయ్యాల వరసను తీసుకుని, అందులో వెట్టి బాధలు పోసి ఊరూరా పాడింది. వరస పాతది, మాట కొత్తది. తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యేగా గెలిచాక కూడా ఆ గొంతు పల్లెలు మరువలేదు. 2022 మార్చిలో ఆమె కన్నుమూసింది. పాట ఎట్లా చేతులు మారాలో తెలిసిన తరం ఒక్కొక్కరుగా వెళ్లిపోతోంది.

ఇప్పుడు స్టూడియోలో పాట చేసే కుర్రవాళ్లు కొందరు మా వీధిలోనే ఉన్నారు. పని వచ్చినవాళ్లే, గొంతు ఉన్నవాళ్లే. ఒకతన్ని పిలిచి కూర్చోబెట్టి అడిగాను.

“చరణాలేవి బిడ్డా?”

“నాలుగు నిమిషాలు దాటితే ఎవ్వరు వింటలేరు తాతా. కట్ చేసినం.”

“పేరు?”

“సాహిత్యం జానపదమని పెట్టినం.”

“యాదగిరి పేరు పెడితే ఏమైతది?”

“అందరు గట్లనే పెడుతున్నరు గదా.”

వాడిమీద నాకు కోపం లేదు, వాడికి చెప్పినవాళ్లెవరూ లేరు. కానీ ఈ ‘జానపదం’ అనే మాట చాటున ఎంత అన్యాయం జరుగుతోందో వాడికి తెలియాలి. జానపదమంటే ఎవరు కట్టారో తెలియక నోటినోటా వచ్చిన పాట. యాదగిరి పాటకు తండ్రి ఉన్నాడు. సుద్దాల పాటకు తండ్రి ఉన్నాడు. ఆ తండ్రుల పేర్లు తీసేసి, ‘సేకరణ’ అని రాసి దాని పక్కన సొంత పేరు వేసుకునేవాళ్లు కూడా తయారయ్యారు. ఎక్కడ సేకరించారు? సభలో పాడినప్పుడు మైకు పట్టి ఎవరు కట్టిన పాటో ముందు చెప్పి, తర్వాత పాడేవాళ్లం మేము. అది అప్పట్లో మర్యాద.

పాత పాటను కొత్త గొంతుతో మళ్లీ పాడించే పని సినిమావాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు. 1977లో ‘యమగోల’ కోసం చక్రవర్తి బాణీ కట్టిన ‘ఓలమ్మీ తిక్కరేగిందా’ను బాలు, సుశీల పాడారు. ముప్పై ఏళ్ల తర్వాత ‘యమదొంగ’లో జూనియర్ ఎన్టీఆర్, మమతా మోహన్‌దాస్ మళ్లీ పాడారు. తాత పాటకు మనవడు ఆడుతుంటే జనం ఈలలేశారు. అది వినోదం, అక్కడితో సరి. ఆ పాట మారినందువల్ల ఏ చరిత్రా చెరిగిపోదు. ఉద్యమ పాట అట్లా కాదు. వెట్టి సంగతి, దొరల సంగతి బడిపుస్తకంలో రెండు ముక్కలకు మించి చదవని పిల్లలకు ఈ పాటే పుస్తకం. చరణం కోసేస్తే పుస్తకంలో పేజీలు చింపినట్టే.

బయటి దేశాల్లోనూ పాత పాటలకు కొత్త గొంతులు వస్తున్నాయి. అమెరికాలో జర్నీ అని పేరున్న రాక్ బ్యాండ్ ఉంది. వాళ్ల పాత గాయకుడు స్టీవ్ పెర్రీ ఎప్పుడో తప్పుకున్నాడు. 2007లో ఫిలిప్పీన్స్ గాయకుడు ఆర్నెల్ పినేడా పాడిన వీడియోలు యూట్యూబ్‌లో చూసి అతణ్ణి తెచ్చుకున్నారు. మరుసటేడు ‘రెవలేషన్’ ఆల్బమ్‌లో కొత్త పాటలతోపాటు తమ పాత హిట్లను అతని గొంతుతో మళ్లీ రికార్డు చేసి ఒక డిస్కు నిండా ఇచ్చారు. పాత గొంతే కావాలని పట్టుబట్టిన అభిమానులు అక్కడా ఉంటారు. కానీ పాటలు కట్టిన బృందమే దగ్గరుండి మళ్లీ చేయించుకుంది. డబ్బు కోసం, పేరు కోసం పాడుకునే పాటలకే అంత పద్ధతి ఉంటే, ప్రాణాలకు తెగించి కట్టిన పాటలకు ఎంత ఉండాలి?

మన దగ్గర కూడా పద్ధతిగా జరిగిన పని ఒకటి కళ్లముందుంది. అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమకాలంలో ప్రతి బడిలో, ప్రతి సభలో మోగింది. 2024లో సర్కారు దాన్ని రాష్ట్ర గీతం చేసి, కీరవాణితో సంగీతం కూర్పించి, కొత్త గొంతులతో జూన్ 2న విడుదల చేసింది. సంగీతం మన ప్రాంతం వాళ్లకే ఇవ్వాల్సిందని కొట్లాడినవాళ్లు ఉన్నారు, ఆ మాటలో న్యాయం ఉంది. ఉద్యమంలో మైకు లేకుండా వీధిలో పాడుకున్న పాట వాద్యాల మధ్య వింటే నా చెవికీ కొత్తగానే ఉంది. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. కవి దగ్గరున్నాడు, కవి పేరు మీదే పాట వెళ్లింది, పెద్ద పాట పెద్దగానే ఉంచి, సభలకు వేరుగా చిన్నది చేశారు. 2025 నవంబరులో అందెశ్రీ పోయినా, ఆ పాట ఎవరిదని అడిగితే బడిపిల్లవాడు తడుముకోకుండా చెబుతాడు. యాదగిరికి, హనుమంతుకు అదే మర్యాద ఎందుకు దక్కకూడదు?

“లక్షల మంది వింటున్నరు తాతా, అది మంచిది గాదా?” అని ఆ కుర్రవాడు అడిగాడు. వినడం మంచిదే. కానీ ఏం వింటున్నారు? దుర్మార్గం చేసినవాడి పేరు లేదు, ఎదురు నిలిచినవాడి పేరు లేదు, వెట్టి లేదు, తిరుగుబాటు లేదు. మిగిలింది దరువు. ఆ దరువైనా డప్పుది కాదు, కంప్యూటర్‌ది. డప్పు కొట్టి బతికే కుటుంబాలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. పాటకు లక్షల మంది దొరికారు, వాళ్లకు మాత్రం పని దొరకలేదు. అట్లాంటి లాభం ఎవరికి లాభం?

కాబట్టి ఈ మూడు ఊళ్లలో స్టూడియోలు పెట్టుకున్న పిల్లలకు నేను చెప్పేది ఒకటే. పాడండి, కొత్తగా పాడండి, మీ వాద్యాలు మీరు వాడుకోండి. మైకు ముందు నిలబడేముందు ఆ పాట మొత్తం వచ్చిన పెద్దమనిషి దగ్గరికి పోయి, ఎదురుగా కూర్చుని నేర్చుకోండి. ఇంకా అట్లాంటివాళ్లు పల్లెల్లో ఉన్నారు, ఎన్నాళ్లు ఉంటారో చెప్పలేం. పాటను నాలుగు నిమిషాలకు కుదించినా, మొత్తం పాడింది కూడా ఒకటి పెట్టండి. సంగీతంలో సిర్ర పట్టే మనిషికి చోటివ్వండి, కూలి ఇవ్వండి. పాట మొదట్లోనే కట్టినవాడి పేరు, మీ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో వేయండి. ఇది చేస్తే మీ గొంతుకు చప్పట్లు కొట్టేవాళ్లలో నేను మొదటివాణ్ణి. చేయకపోతే మీరు ఎంత బాగా పాడినా నాకది దొంగిలించిన పాటే.