సమాసకర్తలకు జోహారు

పాఠ్యపుస్తకాలకు పారిభాషిక పదాలు కట్టి ఇచ్చిన పండితులారా, మిమ్మల్ని పొగడడానికి వారాసిగూడను మించిన చోటు నాకు తోచలేదు. ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉన్న ఈ గల్లీల్లో, గదికి నలుగురైదుగురు చొప్పున పోటీపరీక్షలకు చదివే పిల్లలుంటారు. తెలుగు మీడియంలో చదివి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వీళ్లలో చాలామందే. ‘కిరణజన్య సంయోగక్రియ’ను వీళ్ల నోట తడబాటు లేకుండా పలికించారు మీరు. అది చిన్న పని కాదు.

మీ వ్యాకరణజ్ఞానానికి వంక పెట్టే సాహసం ఎవరికుంది? ‘అస్’ ధాతువుకు విసరడమని అర్థం. ముందు ‘సమ్’ చేరితే సమాసం: మాటలన్నిటినీ ఒక్కచోటికి చేర్చి వేయడం, అంటే కుదించడం. ‘వి’ చేరితే వ్యాసం: విడదీసి పరచడం. ఈ తేడా మీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తెలిసి కూడా, కుదింపు కోసం పుట్టిన సమాసాన్ని, విప్పి చెప్పడానికి ఒక వ్యాసం కావలసినంత ఎత్తుకు పెంచారు.

పాత వైయాకరణులకు మీ అంత ఓపిక లేదు. సమాసాలకు పేర్లు పెట్టాల్సి వస్తే చేతికందిన ఉదాహరణనే పేరుగా నిలిపారు. తత్పురుష అంటే ‘అతని మనిషి’. ఆ మాటే ఒక తత్పురుష సమాసం. ద్విగువు అంటే రెండావుల వెలకు కొన్నది. అదీ ద్విగు సమాసమే. బహువ్రీహి అంటే వడ్లు సమృద్ధిగా ఉన్నవాడు. మాటలో సమృద్ధి ఉంది, వడ్లున్నాయి, ఆసామి లేడు. అర్థమంతా ఆ లేని ఆసామిదే. ఇంతకన్నా తేటగా పాఠం చెప్పిన పేరు ఇంకే శాస్త్రంలోనైనా ఉందా? లోకంలోని భాషాశాస్త్రజ్ఞులు బహువ్రీహినీ సంధినీ అనువదించకుండా ఉన్నవున్నట్టే పుచ్చుకున్నారు. మీరు ఆ వైయాకరణుల వంశంవారే. ఆవులనూ వడ్లనూ వదిలేసి, పాండిత్యాన్ని మాత్రం నలుసంతైనా జారకుండా దక్కించుకున్నారు.

‘బాష్పోత్సేకం’ చాలు మీ కీర్తికి. బాష్ప, ఉత్సేకం, గుణసంధి, తప్పు పట్టడానికి సందు లేదు. ఆకుల్లోంచి నీరు ఆవిరై పోవడమని దాని భావం. తెలుగువాడికి బాష్పమనగానే కన్నీరు గుర్తొస్తుంది కనుక, వృక్షశాస్త్రం చదివే పిల్లకు చెట్టు దుఃఖం కూడా తెలిసే ఏర్పాటు చేశారు. ‘ఆకు చెమర్చడం’ అని ఉంటే ఆ పిల్ల ఇంటికెళ్లి నాయనమ్మకు చెప్పేది, నాయనమ్మ అవునని మరో నాలుగు సంగతులు చెప్పేది. చదువు అలా ఇల్లు దాటి పొలంలోకి పోకుండా కాపాడారు.

ఉస్మానియాలో మీకు ముందే మాటలు పుట్టించినవాళ్లున్నారు. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలని 1918లో విశ్వవిద్యాలయం పెట్టారు; దానికి ఏడాది ముందే అనువాదశాఖ మొదలైంది. అక్కడ ఉర్దూ చెప్పిన వహీదుద్దీన్ సలీం, పదాలు కట్టే పద్ధతి మీదే ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అని ఒక పుస్తకం రాశారు. అది 1921లో వచ్చింది. పారిభాషిక పదానికి వాళ్ల మాట ‘ఇస్తిలాహ్’. రాజీ అనే అర్థమున్న ‘సుల్హ్’ కూడా ఆ ధాతువులోంచి వచ్చిందే. అంటే పదమన్నది పదిమందీ కలిసి ఒప్పుకున్నది. మీరూ ఒప్పుకున్నాకే పదాలు ఖాయం చేశారు. మీలో మీరు ఒప్పుకున్నారు. పదిమందికీ శ్రమ లేకుండా చేశారు.

తర్వాత ఉస్మానియాలో భాషాశాస్త్రం నేర్పిన భద్రిరాజు కృష్ణమూర్తి అంతటివారికి ఈ పొదుపు చేతకాలేదు. రైతుల నోటి మాటలను జిల్లాలవారీగా ఏరించి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తర్వాతి సంపుటం చేనేతవారిది. నారుమడి, ముంగారు వంటి మాటలు కట్టిన రైతుకు సమాసమంటే ఏమిటో తెలియనక్కర్లేదు. అలాంటి సంపుటాలు చేతికందే దూరంలో ఉండగా అమరకోశం వైపే చెయ్యి చాపగలిగిన మీ నిగ్రహాన్ని తలచుకుంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

ఇక వారాసిగూడ వాళ్ల సమాసాలు. కిరాణాకొట్టు, చాయ్‌బండి, పంచర్‌షాపు. లాఠీచార్జి అనే మాటను ఈ క్యాంపస్ తెలంగాణ ఉద్యమాల్లో, 1969లోనూ 2009లోనూ, ఒళ్లప్పగించి నేర్చుకుంది. దానికి విగ్రహవాక్యం ఎవరూ అడగలేదు. సంస్కృతానికి తెలుగు అంటగడితే వైరిసమాసమని బడిలో నేర్పుతాం. ఈ వీధుల్లో మాత్రం వేరువేరు భాషలు ఒకే మాటలో కాపురం చేస్తున్నాయి. మీ పదాలకు ఇలాంటి సహవాసం అంటలేదు. పరీక్షహాలు దాటి బయటికి రాలేదు కనుక కట్టిననాటి మెరుపుతోనే ఉన్నాయి.

మళ్లీ పదాల సంఘం కూర్చునేనాడు, నారుమడి పోసే ఆసామికి ఒక కుర్చీ, మోటారు విప్పి బిగించే మెకానిక్కుకు ఒక కుర్చీ వేయించండి. మాట వాళ్లు చెబుతారు. సంధి సరిపోయిందో లేదో చూడడానికి మీరుండాలి. ఆ పనిలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు.