నడుస్తున్నది గాని నడవొద్దట!

కామారెడ్డి ఓటరుతో పెట్టుకోవద్దన్నది రాష్ట్రమంతా ఒప్పుకున్న మాట. 2023 డిసెంబరు 3న ఓట్లు లెక్కపెడితే అక్కడ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఓడిపోయారు. నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డీ ఓడిపోయారు. దిగిపోయే సీఎంనూ, ఎక్కబోయే సీఎంనూ ఒకే రోజు పక్కకు జరిపి, కాటిపల్లి వెంకటరమణారెడ్డిని గెలిపించుకున్న నియోజకవర్గం అది. అంతటి మొనగాడైన ఓటరు ఇవాళ సొంత డబ్బుతో కొనుక్కున్న ల్యాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “నీ యంత్రానికి అర్హత లేదు” అని అది మొహం మీదే చెబుతోంది. అర్హత తేల్చింది అమెరికాలోని రెడ్మండ్‌లో, మైక్రోసాఫ్ట్ ఆఫీసులో. అక్కడ మనకు ఓటు లేదు.

అదే కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో తహసీల్ ఆఫీసు చుట్టుపక్కల ఉండే జిరాక్స్ సెంటరు ఒకటి ఊహించుకోండి. బల్ల మీద 2017 నాటి ల్యాప్‌టాప్, ఏడో తరం ఐ5 ప్రాసెసర్. మూల పగిలితే సెల్లోటేపు అంటించారు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి చార్జర్ తీయరు. ఆధార్ అని కొట్టీ కొట్టీ ‘ఏ’ మీట మీద అక్షరం చెరిగిపోయింది. అయినా ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు అన్నీ దాని మీదే. మధ్యలో తెరంతా నిండేలా ఒక హెచ్చరిక వచ్చి కూర్చుంటుంది. వరుసలో నిలబడ్డ పెద్దాయన తొంగి చూస్తాడు.

“ఏమాయె తమ్మీ, నడుస్తలేదా?”

“నడుస్తున్నది కాకా. నడవొద్దని పైనుంచి ఆర్డరొచ్చింది.”

“పైనుంచంటే? కలెక్టరా?”

“కలెక్టరు కంటే పైన.”

“మరి ఆయనకొక దరఖాస్తు పెట్టుకోరాదు?”

ఊరందరి దరఖాస్తులు నింపే తమ్మి దగ్గర ఆ ఒక్క ఫారం మాత్రం లేదు.

ఆ ఆర్డరు సంగతి ఇది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. యంత్రం ఆగదు, ఫ్యాను తిరుగుతుంది, ప్రింటు వస్తుంది. కాకపోతే రేపు దొంగలు కొత్త కన్నం కనిపెడితే దాన్ని పూడ్చేవాడు రాడు. ఊరి జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు పాసుపుస్తకాలు స్కాన్ అయ్యేది ఆ పెట్టెలోనే. అందుకే “విండోస్ 11కు మారండి” అంటారు. మారదామంటే “నీ ప్రాసెసర్ పనికిరాదు, కొత్తది కొను” అంటారు. 2015లో వాళ్ల ఉద్యోగే ఒకాయన వేదికెక్కి, విండోస్ 10యే విండోస్‌లో చివరి వెర్షన్ అన్నాడు. నమ్మి కొన్నవాళ్లకు ఇప్పుడు అర్థమైంది, చివరిది విండోస్ కాదు, తమ ల్యాప్‌టాప్.

ఎందుకు పనికిరాదని అడిగితే, భద్రత అంటారు. టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు ఉండాలట. మంచిదే. కానీ 2016 జూలై 28 తర్వాత వచ్చే కొత్త మోడళ్లన్నిటిలో అది ఉండి తీరాలని కంపెనీలకు షరతు పెట్టింది మైక్రోసాఫ్టే. అంటే మన తమ్మి కొన్న 2017 ల్యాప్‌టాప్‌లో అది ఉండే అవకాశమే ఎక్కువ. అయినా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలంటారు. సరే, చట్టం అందరికీ ఒకటే అనుకుని సరిపెట్టుకుందాం అంటే, ఏడో తరంలో ఏవో కొన్ని ప్రాసెసర్లకు మాత్రం మినహాయింపు దొరికింది. వాటిలో ఒకటి ఎందులో ఉందో తెలుసా? మైక్రోసాఫ్ట్ సొంతంగా అమ్ముకున్న సర్ఫేస్ స్టూడియో 2లో! మన పిల్లకో నీతి, మందిపిల్లకో నీతి అన్నది మన ఊళ్లకే పరిమితం అనుకున్నాం, రెడ్మండ్ దాకా పాకింది.

ఇంకో ముచ్చట. విండోస్ 10కు అప్‌డేట్లు రాయడం ఆపేశారని మీరు అనుకుంటున్నారేమో, అదేం లేదు. డబ్బు కట్టే సంస్థలకు 2028 అక్టోబరు దాకా వస్తాయి. కర్మాగారాల్లో, ప్రత్యేక యంత్రాల్లో వాడే ఒక రకం విండోస్ 10కు 2032 జనవరి దాకా వస్తాయి. మందు తయారవుతూనే ఉంది, మీ చీటీ మాత్రం చింపేశారు. మామూలు జనానికి ఒక ఏడాది గడువు పెంచుతూ మూడు దారులు చూపారు: 30 డాలర్లు, అంటే అప్పటి లెక్కన రమారమి 2,600 రూపాయలు కట్టండి. లేదా మీ సెట్టింగులు తెచ్చి మా వన్‌డ్రైవ్‌లో పెట్టండి. లేదా మా బింగ్‌లో వెతికి వెతికి 1,000 రివార్డు పాయింట్లు తెచ్చుకోండి. ఇంట్లో ఉండనివ్వడానికి అద్దె కట్టు, లేదా తాళంచెవి ఇవ్వు, లేదా వాకిలి ఊడ్చిపెట్టు అన్నట్టు. ఇల్లు మాత్రం మనం కొన్నదే.

ఐరోపాలో వినియోగదారుల సంఘాలు కస్సుమన్నాయి. అంతే, అక్కడి వాళ్లకు ఆ ఏడాది డబ్బూ షరతులూ లేకుండా, ఖాతాలో లాగిన్ అయితే చాలన్నారు. కంపెనీ అదే, విండోస్ అదే, కన్నాలూ అవే. పారిస్‌లో ఉన్న ఏడో తరం ల్యాప్‌టాప్‌కు దొరికిన దయ ఎల్లారెడ్డిలో ఉన్నదానికి దొరకలేదు. గూగుల్ కూడా అంతే. క్రోమ్‌బుక్‌లు మూడునాళ్ల ముచ్చట అవుతున్నాయని అమెరికాలో గోల చేస్తే, 2023 సెప్టెంబరులో పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామంది. ఆపిల్ తక్కువ తినలేదు. ఇంటెల్ ప్రాసెసర్ల మ్యాక్‌లకు 2025లో వచ్చిన టాహోయే ఆఖరి వెర్షన్ అనేసింది, ఇంటెల్ మ్యాక్ ప్రోను 2023 దాకా అమ్ముకుని మరీ. ఈ ఆయుర్దాయాన్ని బ్రహ్మ రాయలేదు. గట్టిగా అడిగితే పెరుగుతుంది, నోరు మూసుకుంటే తరుగుతుంది.

మనం అడగలేదు, గర్వపడ్డాం. 2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల సీఈఓ అయినప్పుడు “మనవాడే, బేగంపేటలో చదువుకున్నవాడే” అని పొంగిపోయాం. మరో రెండు నెలలకు, ఏప్రిల్ 8న, విండోస్ ఎక్స్‌పీకి సెలవిచ్చారు. ఆ ముహూర్తం ఆయన రాకముందే పెట్టింది, పాపం ఆయన తప్పు కాదు. ఇప్పటిది మాత్రం ఆయన ఏలుబడిలోనిదే. గచ్చిబౌలిలో ఆ కంపెనీకి పెద్ద క్యాంపస్, అందులో వేలమంది మన పిల్లలు. మనవాళ్లు అక్కడ కోడ్ రాస్తారు, మనవాళ్లు ఇక్కడ ల్యాప్‌టాప్ పారేస్తారు. ఇచ్చిపుచ్చుకోవడాలు బాగానే ఉన్నాయి.

పాతదైతే పనికిరాదనే సిద్ధాంతాన్ని మా జిల్లా ఎన్నడూ నమ్మలేదు. డీటీపీకి వాడే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. ఆ వెర్షన్ తెచ్చిన అడోబే దాన్ని మరిచిపోయింది. డీటీపీ సెంటర్లు మరవలేదు. అను ఫాంట్లూ అదీ కలిసి ఇవాళ్టికీ లగ్గం పత్రికలు కొట్టిస్తున్నాయి, ఆ పెళ్లిళ్లేవీ చెల్లకుండా పోలేదు. ఆనకట్టల సంగతీ అంతే. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి వైపు పొలాలకు నీళ్లిచ్చే పోచారం ప్రాజెక్టు మాత్రం మీదుగా వరద దుంకినా నిలబడ్డది. నిజాం కాలంలో, 1922లో పూర్తయిన కట్ట అది. అదృష్టం బాగుండి దాన్ని కట్టింది ల్యాప్‌టాప్ కంపెనీ కాదు.

విండోస్ 10 ఆగిపోతే ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్త కావొచ్చని కనాలిస్ సంస్థ 2023లోనే అంచనా కట్టింది. వాటిలో మన వాటా పాత ఇనుప సామాన్ల బండి మీదికి ఎక్కుతుంది. విండోస్ బదులు లినక్స్ వేసుకోరాదా అంటారు తెలిసినవాళ్లు. చదువుకునే పిల్లలు తప్పకుండా వేసుకోవాలి, పైసా ఖర్చు లేదు, పాత యంత్రం మీద హాయిగా నడుస్తుంది. జిరాక్స్ తమ్మికి అంత సులువు కాదు. వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం డాంగుల్, అను ఫాంట్లు కూడా ఒప్పుకోవాలి కదా.

మన ప్రభుత్వమూ ఊరికే లేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అన్నీ దాని పరిధిలో ఉన్నాయి. ఆ తర్వాత పోర్టల్ కూడా తెరిచింది. స్క్రీను పగిలితే మార్చుకునే హక్కు సరే, పగలని ల్యాప్‌టాప్‌ను ఆఫీసులో కూర్చుని చంపేస్తే దానికి ఏ మెకానిక్ దగ్గరికి పోవాలి?

బిస్కెట్ ప్యాకెట్ మీద ఎప్పటిలోగా తినాలో రాస్తారు. యాభై వేల ల్యాప్‌టాప్ డబ్బా మీద మాత్రం అప్‌డేట్లు ఏ ఏడాది దాకా వస్తాయో రాయరు. ఎమ్మార్పీ పక్కనే ఆ సంవత్సరం అచ్చు వేయాలని చట్టం చేయించడం మన ఎంపీల పని, వాళ్లను అడగడం మన పని. అంతదాకా, కొనేముందు షాపాయనను ఒక్క ప్రశ్న అడగండి: “అన్నా, దీనికి అప్‌డేట్లు ఎప్పటిదాకా?” జవాబును బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క షాపుకు పొండి. రాసి మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.