గుండ్రవ్రాఁత: సటీకాతాత్పర్యము

మూలము (ఆటవెలఁది)

కలము నడచినట్లు కదలాడు వర్ణముల్
పెండ్లిపిలుపు మీఁదఁ బేర్మి గాంచు;
అప్పుపత్రమందు నొప్పవు సుంతయు;
అదను జూచి వాడు మచ్చుకాఁడ!

టీక: కలము నడచినట్లు = చేతికలము కాగితముపై నెడతెగక సాగినట్లు; కదలాడు వర్ణముల్ = స్నెల్ రౌండ్‌హ్యాండ్ అను నాంగ్లపు టచ్చక్షరములు; పెండ్లిపిలుపు మీఁదన్ = శుభలేఖయందు; పేర్మి గాంచున్ = మన్నన పొందును; అప్పుపత్రమందున్ = ప్రామిసరీ నోటునందు; సుంతయున్ ఒప్పవు = ఇసుమంతయుఁ దగవు; అచ్చుకాఁడ = ఓ ముద్రాపకుఁడా; అదను చూచి వాడుము. కడపటి పాదమును 'మచ్చుకాఁడ' యని విఱిచి, నమూనాలు చూపువాఁడని యర్థము చెప్పువారి నుపేక్షింతము.

తాత్పర్యము: పెండ్లికిఁ దగినది ఋణమునకుఁ దగదు.

విశేషములు: లండనులో వ్రాఁత నేర్పుచు 1694లో నొరవడి పుస్తకము వెలువరించిన చార్లెస్ స్నెల్ దస్తూరిని మాథ్యూ కార్టర్ 1965లో అచ్చక్షరములుగా మలచెను. సీసపుటచ్చులో నొక్కొక్క యక్షరము తన చదరపు దిమ్మెపై నిలుచునది గనుక, కుడికి వాలిన వ్రాఁతలో నొకదాని తోఁక వేఱొకదానిని దాఁకుటకు దిమ్మె దాఁటి వ్రేలాడవలసివచ్చి, అట్లు వ్రేలాడిన కొన పనిలో విఱుగుచుండఁగా, దిమ్మెయే లేక వెలుతురుతో ఫిల్ముపై నక్షరములు కూర్చు విధానము వచ్చిన పిమ్మటఁ గదా వీనికిఁ జేయి చేయి పట్టి నడచుట యనాయాసమైనది! 'నడచినట్లు' అనుటలోని స్వారస్యమిది. అక్షరముల నడుమ నెడము పెంచువాఁడు వీనిని నడిపించుట లేదు, కుంటించుచున్నాఁడు.

ఇచట నొక యాక్షేపము. ఈ గుండ్రవ్రాఁత వర్తకుల చిట్టా ఆవర్జాలలోఁ బెరిగినదే. స్నెల్ తానును గణకుఁడు. సౌత్ సీ కంపెనీ కుప్పకూలిన పిమ్మట, దాని డైరెక్టరులలో నొకనికి సంబంధించిన వ్యాపారపు లెక్కలను దిరుగవేసి 1721లో నివేదిక వ్రాసినవాఁడు. అట్టివాని వ్రాఁత యప్పుపత్రమునకేల తగదు?

సమాధానము: టైపుయంత్రము వచ్చి లెక్కల కొలువును లాగుకొనఁగా, పనిపోయిన యీ వ్రాఁత పెండ్లిండ్లఁ బట్టి బ్రదుకుచున్నది. నేఁడు దీనితో నోటు వ్రాసి యిచ్చినచో ఋణదాత వడ్డీకి ముందు ముహూర్తము వెదకును. ఇందుఁ గవి పక్షమే మాకు సమ్మతము.

'అచ్చుకాఁడ' యని సంబోధించి శుభలేఖ వేయించు గృహస్థును విడుచుట సాభిప్రాయము. ఆంగ్లమున వధూవరుల పేళ్లన్నియుఁ బెద్దక్షరములలోనే యుండవలెనని పట్టుపట్టువాఁడు గృహస్థే. ప్రతి పెద్దక్షరమును దన తీఁగెలతోఁ దాను విజృంభించును గావున, అట్లు కూర్చిన పంక్తిలో వరుఁడెవరో వధువెవరో పురోహితునికిఁ గూడ దుర్బోధము. గృహస్థునకీ మాట చెప్పవలసినవాఁడు ముద్రాపకుఁడు. బయానా పుచ్చుకొనుటకు ముందే చెప్పవలెనని మా మతము.