బండి కదలు లోగ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

మూలము

ఆ. దారి గీసి పంప దానిఁ దెఱచి చూడ
వేఱు దారి తోఁచి వెఱ్ఱి పుట్టె
ఏది వాడవలెనొ యెఱిఁగింపు మో బావ
బండి కదలు లోగఁ బలుకవయ్య

అవతారిక

పద్యకర్త మా బావమరిది. హైదరాబాదులో ఉద్యోగం, మూడున్నర వందల సీసీ బండి, శుక్రవారం సాయంత్రమయ్యేసరికి అరచేతుల్లో దురద. సంతోషం కలిగితే ఎమోజీ, కోపం వస్తే ఆటవెలది పంపడం అతని అలవాటు. రాజమండ్రిలో వాళ్లక్క ఇంటికి, అనగా మా ఇంటికి, సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా మారేడుమిల్లి ఘాట్ దిగి వస్తానని, వస్తూ అక్కకు బొంగు చికెన్ పట్టుకొస్తానని మాటిచ్చాడు. దారి గీసి పంపే భారం ప్రస్తుత వ్యాఖ్యాత నెత్తిన పడింది. తెల్లవారుజామున నాలుగూ పదికి వాట్సాప్‌లో వెలువడిన ఈ పద్యానికి పూర్వవ్యాఖ్యలేవీ లేవు. ఉన్నా అవి వాళ్లక్క నోట మౌఖికంగానే ఉన్నాయి. వాటిని ఇక్కడ ఉదాహరించలేము.

రెండో పాదం చివర "పుట్టె", మూడో పాదం మొదట "ఏది": నడుమ సంధి చేయలేదేమని వైయాకరణులు అడుగుతారు. ఒకచోట గీసిన దారికి ఇంకోచోటి యంత్రంతో సంధి కుదరక పుట్టిన పద్యం కదా, రెండు అచ్చుల మధ్య మాత్రం ఎలా కుదురుతుంది? ఈ విసంధి బుద్ధిపూర్వకమని మా మతం.

టీక

దారి = మార్గము. పద్యంలో ఈ మాట రెండుసార్లు వచ్చింది. పునరుక్తి దోషమని తొందరపడరాదు. మొదటి దారి వేరు, రెండో దారి వేరు. తగాదా అంతా అక్కడే ఉంది.

జీపీఎస్ యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి జీపీఎక్స్ అనే ఫైలు 2002లో పుట్టింది. లోపలున్నది ఉత్త అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపిస్తాయి. అందులో దారిని రాయడానికి రెండు పద్ధతులున్నాయి: ఒకటి రూట్, ఒకటి ట్రాక్. ముగ్గు వేసే ఇంటివాళ్లకు ఈ భేదం చెప్పనక్కరలేదు. రూట్ అంటే చుక్కలు పెట్టి వదిలేయడం. ట్రాక్ అంటే గీతలు కూడా కలిపి ముగ్గు పూర్తి చేయడం. చుక్కలు మాత్రం పంపితే అందుకున్న యంత్రం తనకు వచ్చిన ముగ్గు తాను వేస్తుంది. అది మన ముగ్గే అవుతుందన్న పూచీ ఎవరికీ లేదు. ట్రాక్ పంపితే గీత చెదరదు గాని, చాలా యంత్రాలు దాన్ని తెరమీద గీతగా చూపించి ఊరుకుంటాయి. "కుడికి తిరుగు" అని చెవిలో చెప్పవు. గీత తప్పి పక్కకు పోతే తిరిగి ఎక్కే ఉపాయం కూడా మనమే చూసుకోవాలి. పలికేది దారి మారుస్తుంది, మార్చనిది పలకదు. కవి నాలుగో పాదంలో "పలుకవయ్య" అనడంలో ఈ ధ్వని కూడా ఉందేమో సహృదయులు చూడాలి. కవిని అడిగితే లేదన్నాడు.

గీసి = గీతను గీచి. ఎవరు? వ్యాఖ్యాతే. ఎక్కడ? ఇంట్లో, కంప్యూటర్ ముందు, కాఫీ చల్లారుతుండగా. ఇక్కడ చుక్కల గురించి కొంత చెప్పాలి. చుక్కల్లో రెండు జాతులు. "ఇక్కడికి రావాలి" అని ఆజ్ఞాపించేది వయా పాయింట్. దాన్ని ముట్టకుండా ముందుకు పోతే యంత్రం "వెనక్కి తిరుగు, వెనక్కి తిరుగు" అని సతాయిస్తుంది. రెండోది షేపింగ్ పాయింట్, గీతను ఇటు వంచడానికి వేలుతో నొక్కినట్టు ఉంటుంది, నోరెత్తదు. పాత దారులు చాలావాటిలో అన్నీ మొదటి జాతివే. టీ తాగడానికి ఆగాలనుకున్న హోటల్ మూతపడి ఉన్నా దాని గుమ్మం తొక్కే దాకా యంత్రం వదలదు.

చుక్క పెట్టేటప్పుడు పటాన్ని బాగా పెద్దది చేసి పెట్టాలి. ఇది శాస్త్రం కాదు, అనుభవం. వెనుకటి ప్రయాణంలో సూర్యాపేట దగ్గర జాతీయ రహదారి మీద నేను పెట్టిన చుక్క డివైడర్‌కు అవతల, హైదరాబాదు వైపు వెళ్లే రోడ్డు మీద పడింది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే గీత. యంత్రం నన్ను తరువాతి సందు దాకా తీసుకెళ్లి, వెనక్కి తిప్పి, చుక్కను ముట్టించి, మళ్లీ ఇంకో సందు దాకా వెనక్కి నడిపి ముందుకు వదిలింది. ప్రదక్షిణం చేసినంత పుణ్యం రాలేదు, పెట్రోలు మాత్రం అయింది. అప్పటినుంచి కూడలి మీద చుక్క పెట్టను. కూడలి దాటి కాస్త లోపల, మనం పోవలసిన రోడ్డు మీదే పెడతాను.

పంప = పంపగా. వాట్సాప్ ద్వారా అని శేషము. ఇందులో విశేషమేమీ లేదు.

దానిఁ దెఱచి చూడ = ఆ ఫైలును విప్పి చూడగా. దేంతో తెరిచాడన్నది కవి చెప్పలేదు. ఈ గోప్యతే సర్వానర్థాలకు మూలం.

వేఱు దారి తోఁచి = మరొక మార్గము కనిపించి. ఇక్కడ పూర్వపక్షి ఒకడు లేస్తాడు: "పైన ఉపగ్రహాలున్నాయి కదా, అవి చూసి చెప్పే దారి ఒకటే ఉండాలి కదా?" కాదు. ఇరవై వేల కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున తిరిగే ఆ జీపీఎస్ ఉపగ్రహాలకు మారేడుమిల్లీ తెలియదు, మా బావమరిదీ తెలియడు. "నేను ఫలానా, ఇప్పుడు సమయం ఇంత" అని చాటింపు వేయడమే వాటి పని. నాలుగింటి చాటింపు విని యంత్రం తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. దారి చెప్పేది ఆకాశం కాదు, హ్యాండిల్ మీద ఉన్న డబ్బాలోని పటమూ, దాని లెక్కా.

ఆ లెక్కకు ఆదిపురుషుడు డైక్‌స్ట్రా అనే డచ్చి పండితుడు. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో బజారంతా తిరిగి అలసి, ఒక కాఫీ హోటల్లో కూర్చుని ఇరవై నిమిషాల్లో, కాగితం కలం లేకుండా, ఒక ఊరినుంచి ఇంకో ఊరికి అన్నిటికన్నా దగ్గర దారి పట్టే పద్ధతి ఆలోచించాడట. అచ్చయింది 1959లో. నేటి యాప్‌లన్నీ ఆ వంశవృక్షానికి కొమ్మలే. అయితే "దగ్గర" అంటే ఏమిటన్నది లెక్క చెప్పదు, మనం చెప్పాలి. కిలోమీటర్లా, నిమిషాలా, మెలికలా? ప్రతి రోడ్డు ముక్కకూ ఒక ఖరీదు కట్టి, మొత్తం తక్కువయ్యే వరసను యంత్రం ఏరుతుంది. ఖరీదు మారితే దారి మారుతుంది.

నేను గీసింది మెలికలంటే ముద్దు చూపే తరహా సాఫ్ట్‌వేర్‌లో. భద్రాచలంలో ఒక చుక్క, రాజమండ్రిలో మా ఇంటి దగ్గర ఒక చుక్క పెట్టేసరికి గీత తానే చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం మీదుగా పాములా దిగివచ్చింది. చూసి మురిసిపోయాను. నడుమ చుక్క పెట్టవలసిన అవసరమే తోచలేదు. కవిగారి యంత్రంలో ఉన్న ఖరీదు నిమిషాలు. దానికి ఆ రెండు చుక్కలూ అందాయి గాని నా మురిపెం అందలేదు. అది భద్రాచలంలో దాటిన గోదావరిని అక్కడే వెనక్కి దాటించి, కుక్కునూరు, జంగారెడ్డిగూడెం పొగాకు చేల మీదుగా కొవ్వూరు చేర్చి, పైన రోడ్డూ కింద రైలూ ఉన్న వంతెన మీద గోదావరిని మూడోసారి దాటించే ముగ్గు వేసింది. ఘాట్ లేదు, అడవి లేదు, బొంగు లేదు. తప్పు యంత్రానిది కాదని ఒప్పుకోవడానికి వ్యాఖ్యాతకు రెండు కాఫీలు పట్టింది.

వెఱ్ఱి పుట్టె = ఉన్మాదము కలిగెను. రసం రౌద్రమా, కరుణమా అన్న చర్చ ఉంది. హెల్మెట్ పెట్టుకున్నాక రెండూ ఒకేలా వినబడతాయి.

ఏది వాడవలెనొ = ఏ సాఫ్ట్‌వేర్‌ను వినియోగించవలెనో. ఇది పద్యానికి గుండెకాయ.

శంక: గూగుల్ ఉండగా వేరొకటి ఎందుకు? సమాధానం: గమ్యం చేరడానికి గూగుల్‌కు సాటి లేదు. 2017 డిసెంబరులో మన దేశంలోనే ముందుగా ద్విచక్ర వాహనాలకు వేరే పద్ధతి కూడా పెట్టింది. సందుగొందులు దానికి కరతలామలకం. అయితే నడుమ ఊళ్లు పదిదాకా చేర్చేసరికి చాలంటుంది. గీసిన దారిని జీపీఎక్స్‌గా చేతికివ్వదు. ట్రాఫిక్ చూసి మన దారిని మార్చే ఆలోచనలో ఎప్పుడూ ఉంటుంది. పెళ్లి ముహూర్తానికి అందుకోవాలంటే గూగుల్. పెళ్లి తప్పించుకుని తిరగాలంటే ఇంకొకటి.

ఆ ఇంకొకటి ఏదన్నప్పుడు జర్మనీ వాళ్ల కుర్విగర్ ముందు గుర్తొస్తుంది. వాళ్ల భాషలో కుర్విగ్ అంటే మెలికలు తిరిగినది. మెలికలు ఎన్ని కావాలో ముందే అడిగి, కూరలో కారం వేసినట్టు వేస్తుంది. కాలిమోటోదీ అదే దేశం, అదే వలపు. కుర్విగర్‌కు ఆధారం 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఊరూరా ఔత్సాహికులు గీసిపెట్టిన పటమది. ఎవరో ఒకరు వెళ్లి చూసిన రోడ్డుకు అది నమ్మకమైనదే. రోడ్డు మట్టిదా తారుదా అన్నది గీసినవాడు రాయకపోతే మాత్రం, ఏజెన్సీలో ఎడ్లబండి బాటను కూడా "అబ్బ, ఎంత మెలిక!" అని మెచ్చుకుని మనల్ని అటు తోస్తుంది. జర్మనీలో మెలిక విలాసం. మన దగ్గర చాలాచోట్ల మెలిక వెనక గుంత ఉంటుంది.

గార్మిన్ యంత్రాలున్న పాతకాపులు బేస్‌క్యాంప్ వదలరు. కంప్యూటర్‌లో నడిచేది, ఉచితం. నేర్చుకోవడానికి మాత్రం గురుముఖతః శుశ్రూష కావాలి. నేర్చినవాడు జందెం వేసుకున్నట్టు గర్వంగా తిరుగుతాడు. డచ్చివాళ్ల మైరూట్ యాప్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది: ఒకే చుక్కల వరసను హియర్, టామ్‌టామ్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాల మీద పరిచి, ఎక్కడ ఏది దారి తప్పుతుందో ఇంట్లోనే చూసుకోనిస్తుంది. తేడా వచ్చినచోట ఒక చుక్క అదనంగా పెడితే చాలు. చింతూరు అడవిలో సిగ్నల్ అతిథిలా వచ్చిపోతుంది గనుక, పటం ముందే దించుకుని నెట్ లేకుండా నడిచే ఓస్మ్‌ఆండ్ లాంటిది ఒకటి ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది.

ఫోనే చాలదా, వేరే యంత్రం ఎందుకంటారా? వానలో టచ్ తెర మీద ప్రతి చినుకూ ఒక వేలే. గ్లవ్ వేసుకున్న వేలు మాత్రం వేలు కాదు. పెద్ద ఇంజిన్ల అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది.

కాబట్టి సిద్ధాంతమిది. ఎంపిక సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలవదు. ముందు హ్యాండిల్ మీద ఏముందో చూడాలి. దానిలో ఏ పటం ఉందో, దాని లెక్కకు ఖరీదు ఏదో తెలుసుకుని, ఆ పటం మీదే గీసేది వెతకాలి. గీసేదీ నడిపేదీ ఒకటే యాప్ అయితే అసలు పేచీయే లేదు. అలా కుదరకపోతే రూట్‌తో పాటు ట్రాక్ కూడా పంపాలి. తెరమీద రెండూ ఒకదానిమీద ఒకటి పడితే దారి సరి; విడిపోయినచోట ఆగి చూసుకోవాలి. ఇక ఏ సాఫ్ట్‌వేర్‌నైనా గుడ్డిగా నమ్మనివ్వనివి కొన్ని ఉన్నాయి. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరుకు తీస్తారు. పటంలో రోడ్డు అర్ధరాత్రి కూడా నున్నగా, నీలంగా కనిపిస్తూనే ఉంటుంది. గేటు దగ్గర టీ కొట్టువాడిని అడిగితే తెలిసేది అడగకముందు తెలియదు.

యెఱిఁగింపుము = తెలుపుము. స్పష్టము.

ఓ బావ = అక్కను పెండ్లాడినవాడా. ఈ సంబోధనలో నింద గర్భితమై ఉంది. మంచి దారి పంపినప్పుడు "బావగారూ" అని పిలిచిన దాఖలాలున్నాయి.

పలుకవయ్య = చెప్పుమయ్యా. "అయ్య" చేర్చడం ప్రార్థన కాదు, గడువు.

తాత్పర్యము

బావా, నువ్వు పంపిన దారి నా యంత్రంలో వేరుగా వస్తోంది, ఏది వాడాలో బయలుదేరేలోగా చెప్పు, అని కవి భావము. దీనికి వ్యాఖ్యాత ఉత్తరం: "చింతూరు దాటాక ఒక చుక్క, మారేడుమిల్లిలో ఒక చుక్క పెట్టు, మిగతాది అదే చూసుకుంటుంది." పదకొండు మాటలు. పంపేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. ఒకటే టిక్కు పడింది.

బండి కదలు లోగన్ = వాహనము చలించుటకు పూర్వమే. అన్వయక్రమంలో ఇది చివరిది గనుక చివర వ్యాఖ్యానిద్దామని ఉంచాను. "లోగ" అనగా ఎంత కాలమన్న విషయంలో కవికీ వ్యాఖ్యాతకూ అభిప్రాయభేదం ఉన్నట్టుంది. రాత్రి ఏడున్నరకు కవి నుంచి వచనంలో ఒక వాక్యం వచ్చింది. ఆటవెలది కాకపోవడం చూసి ముందు సంతోషించాను.

"బావా, ఆగి ఫోన్ చూస్తున్నా. కాళ్ల కిందనుంచి రైలు పోతోంది."

చదివి వినిపించాను. వాళ్లక్క స్టవ్ వెలిగించి, గుడ్లు ఎన్నున్నాయో చూడమంది.