అన్నీ తెలుసు, వార్డు మెంబరు తప్ప

తెలుగునాట ప్రతి కాలనీకీ ఒక సర్వజ్ఞులవారు ఉంటారు. పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి సిమెంటు బెంచీ మీద కూలబడగానే, హార్ముజ్ జలసంధి నుంచి అమెరికా వడ్డీ రేట్ల దాకా ఆయన నోట అనర్గళంగా పారతాయి. ఉక్రెయిన్‌కు ఏ క్షిపణి ఇస్తే యుద్ధం ఆగేదో కూడా ఆయనకు తెలుసు. ఆ బెంచీకి ఎదురుగానే మూత లేని మ్యాన్‌హోల్ ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. దాని గురించి ఎవరికి చెప్పాలండీ అని అడిగి చూడండి. ఫోన్ తీసి, దేశంలో మున్సిపాలిటీలు ఎందుకు కుళ్లిపోయాయో వివరించే వీడియో ఒకటి మీకు పంపిస్తారు.

ఆయన తనను తాను అవగాహన ఉన్న పౌరుడిగా లెక్కేసుకుంటారు. ఓటు విలువ తెలియని జనమంటే ఆయనకు మహా చిరాకు. ఆ జనం సంగతి ఎలా ఉన్నా, ఇలాంటి అవగాహనపరులు కిక్కిరిసిన హైదరాబాద్‌లో 2009, 2016, 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఒక్కసారీ పోలింగ్ యాభై శాతం ముట్టలేదు. చెత్త, వీధిదీపం, ఇంటిపన్ను చూసే సభ అది. దానికి ఓటేసే తీరిక లేనివారే ఫలితాల రోజు టీవీ ముందు నుంచి లేవలేదు.

ఇంతకీ ఈ అవగాహనలో సరుకేమిటి? 2016 నవంబరులో కొత్త 2,000 రూపాయల నోటులో చిప్ ఉందనీ, నేలలో పాతిపెట్టినా ఉపగ్రహం పసిగడుతుందనీ ఊరంతా చెప్పింది వీరే. జనగణమనను యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయగీతంగా ప్రకటించిందని చాటిందీ వీరే. యునెస్కో అలాంటి పోటీ ఏదీ పెట్టలేదు పాపం. నవ్వేసి ఊరుకుందామంటే, 2018 వేసవిలో వాట్సాప్ దారిన పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకారు వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఏ పాపం ఎరగనివాళ్లను జనం చితకబాదారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, డప్పు వేయించి, పాటలు పాడించి ఆ పుకారును తరిమారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అంటే, ముందు చదివి తర్వాత పంపాలన్న బుద్ధి మనకు కంపెనీ వేసిన తాళం వల్ల వచ్చిందన్నమాట. అదీ సగమే వచ్చింది.

డిజిటల్ అరెస్ట్ సంగతి మరీ విడ్డూరం. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. 2024 అక్టోబరు ‘మన్ కీ బాత్’లో ప్రధానే ఈ మాట చెప్పారు. అయినా వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనబడగానే గది తలుపు వేసుకుని, జీవితకాలపు పొదుపంతా దొంగల ఖాతాలోకి పంపినవారిలో రిటైర్డ్ అధికారులు ఉన్నారు, డాక్టర్లు ఉన్నారు, ఇంజినీర్లు ఉన్నారు. గవర్నర్ అధికారాల మీద గంట మాట్లాడగలవారికి పోలీసులు ఫోన్‌లో అరెస్టు చేయలేరన్న ఒక్క ముక్క తెలియలేదు. మోసపోయిన వెంటనే కొట్టాల్సిన 1930 నంబరూ తెలియలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే అయింది.

ఏమీ తెలుసుకోకపోవడాన్ని వెనకేసుకొచ్చే సిద్ధాంతం ఒకటి లేకపోలేదు. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1957లోనే ఒక లెక్క వేశారు. కోట్ల ఓట్లలో ఒక్క ఓటు ఫలితాన్ని మార్చదు కాబట్టి, రాజకీయాల గురించి తెలుసుకోవడానికి శ్రమపడకపోవడమే ఓటరుకు గిట్టుబాటు అన్నారాయన. ఆ లెక్క ఒప్పుకున్నా మన సర్వజ్ఞులవారు గట్టెక్కరు. డౌన్స్ ఓటరు కనీసం టైము మిగుల్చుకుంటాడు. ఈయన రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా నలుగురు ఒకేసారి అరిచే చర్చ చూసి, బీపీ మాత్ర వేసుకుని పడుకుంటారు. ఖర్చంతా పెట్టుకుని కూడా అజ్ఞానమే కొనుక్కున్నవారిని ఏమనాలో డౌన్స్ చెప్పినట్టు లేదు.

ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్నే తీసుకోండి. 2022లో శాసనసభ దాటింది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. లాయర్లు కోర్టులు బహిష్కరించి మొత్తుకున్నారు. సొంత పొలం, సొంత స్థలం ఉన్న లక్షలమందికి దాని పేరు చెవిన పడింది మాత్రం 2024 ఎన్నికల సభల్లో. ఒక మైకు మీ భూమి పోతుందంది, ఇంకో మైకు మీ భూమికి భరోసా అంది. అసలు పాఠంలో ఏముందో తెరిచి చూసినవారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జులైలో ఆ చట్టం రద్దయింది. ఎందుకు వచ్చిందో తెలియనివారే ఎందుకు పోయిందో కూడా విశ్లేషించారు.

ఈ రకం అజ్ఞానాన్ని చదువుకున్నవారి లక్షణం అనడానికి ఆధారాలున్నాయి. 1990ల్లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జెండా కింద కూడినవారు పేపరు చదివే బాపతు కాదు. కరువు పనుల కూలి చేతికి సరిగా రాలేదు, హాజరు, కూలి రాసే మస్టర్ రోల్ చూపించండి అన్నారు, అంతే. ఆ గొడవే పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమైంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అదే జిల్లా మొదలుకొని ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. రచ్చబండ దగ్గర మస్టర్ చదివి వినిపిస్తే, వేలిముద్ర వేసే కూలీలు లేచి, ఫలానావాడు చచ్చిపోయి రెండేళ్లయింది, వాడికి కూలి ఎట్లా పడింది అని నిలదీశారు. వాళ్లకు సమాచారం అంటే తమ కూలి డబ్బులు. హార్ముజ్ ఎక్కడుందో వాళ్లకు అక్కర్లేకపోయింది.

సర్వజ్ఞులవారి డబ్బులు మాత్రం దేవుడి మీద భారం వేసి ఉంటాయి. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు బీమా 5 లక్షల వరకే. 2020 ఫిబ్రవరికి ముందయితే అది ఒక్క లక్షే. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మూతపడినప్పుడు ఖాతాదారులకు ఆ సంగతి క్యూలో నిలబడ్డాక తెలిసింది. అగ్రిగోల్డ్ లాంటి ప్రైవేటు కంపెనీలో పెట్టిన సొమ్ముకు ఆ మాత్రం బీమా కూడా లేదు. అక్కడ ముప్పై లక్షలకు పైగా డిపాజిటర్లు ఇరుక్కున్నారు. ఎవరికి డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో చూసుకోవడానికి 2016 నుంచీ రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్ ఉంది. దాని మీద ఏ టీవీలోనూ చర్చ జరగదు, అందులో అరవడానికి ఏమీ లేదు కాబట్టి.

కాబట్టి సర్వజ్ఞులవారికి ఒక విన్నపం. ఈ వారం చర్చల్లో ఒక్కదాన్ని వదిలేసి, మీ వీధి రోడ్డుకు ఎంత మంజూరైందో, ఎంత ఖర్చయిందో అడుగుతూ తెల్లకాగితం మీద ఒక దరఖాస్తు రాయండి. పౌర సమాచార అధికారి ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రాష్ట్ర నిబంధనల ప్రకారం జిల్లా కార్యాలయంలోనైనా దానికి రుసుం 10 రూపాయలు, మండల స్థాయిలో 5 రూపాయలు. గ్రామ పంచాయతీలో అయితే ఉచితం.