కనురెప్ప కింది దారి

నా పేరు ఆర్బిటోక్లాస్ట్. జానెడు పొడుగున్న ఉక్కు ఊచని. కింద సన్నటి మొన, పైన సుత్తి దెబ్బకు ఓర్చే తల, ఎంత లోతు దిగానో తెలియడానికి ఒంటి మీద సెంటీమీటర్ల గీతలు. పుట్టింది అమెరికాలో, 1948లో. పని చేసింది మనుషుల తలల్లో.

మా వంశం పోర్చుగల్‌లో మొదలైంది. మెదడు ముందుభాగాన్ని లోపలి భాగాలతో కలిపే నరాల పోగుల్ని తెంపితే రోగిని పట్టి పీడించే ఆలోచనలు వదులుతాయని లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే న్యూరాలజిస్టుకు తోచింది. గౌటు వల్ల ఆయన చేతులు పనికిరావు. అందుకని 1935 నవంబరులో ఆల్మెయిడా లీమా అనే సర్జన్ చేత పుర్రెకు కన్నాలు పెట్టించి మొదట ఆల్కహాలు ఎక్కించాడు. ఆ తర్వాత ల్యూకోటోమ్ అనే పరికరంతో కోయించాడు. అది నాకు ముత్తాత. 1949లో మోనిజ్‌కు నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

నా యజమాని వాల్టర్ ఫ్రీమన్ అప్పట్లో వాషింగ్టన్ నగరంలో పనిచేసేవాడు. ఆయనా న్యూరాలజిస్టే, సర్జన్ కాదు. అందుకే జేమ్స్ వాట్స్ అనే న్యూరోసర్జన్‌ను జత చేసుకుని 1936లో అమెరికాలో ఈ ఆపరేషన్ మొదలుపెట్టాడు. లోబోటమీ అని పేరు పెట్టింది వీళ్లే. 1941లో అమెరికాలో పేరున్న రాజకీయ కుటుంబం కెన్నెడీల ఆడపిల్ల రోజ్‌మేరీకి, ఇరవై మూడేళ్ల వయసులో, చేసిందీ వీళ్లే. ఆ తర్వాత ఆమెకు నడకా మాటా రెండూ పోయినంత పనైంది. మిగతా జీవితం ఆశ్రమాల్లోనే గడిచింది.

ఫ్రీమన్‌కు మాత్రం ఇంకో బాధ ఉండేది. థియేటరు, సర్జన్, మత్తు డాక్టరు అంటూ ఇంత హంగు కిక్కిరిసిన సర్కారు ఆసుపత్రులకు ఎక్కడి నుంచి వస్తుంది? ఇటలీలో ఫియాంబెర్టి అనే డాక్టరు కంటిగూటి మీదుగా మెదడులోకి దారి కనిపెట్టాడని తెలిసి, ఫ్రీమన్ వంటింటి సొరుగులోంచి ఐసు పగలగొట్టే సూది తీశాడు. గ్రేప్‌ఫ్రూట్ మీద, శవాల మీద చెయ్యి సాధించాడు. 1946 జనవరి 17న తన ఆఫీసు గదిలోనే ఒక గృహిణికి ఆ పని చేసేశాడు. ఆపరేషన్ థియేటరు బయట, సర్జన్ కానివాడు ఇలా చేయడం వాట్స్‌కు నచ్చలేదు. చివరికి ఇద్దరూ విడిపోయారు. సన్నటి సూది తలలో విరిగితే ప్రమాదమని గట్టి ఉక్కుతో నన్ను చేయించారు.

నా పని ఇదీ. రోగికి రెండు మూడు కరెంటు షాకులిస్తారు. మత్తయినా, మరొకటైనా అదే. పైరెప్ప ఎత్తి, కనుగుడ్డు మీదుగా నన్ను కంటిగూటి పైభాగానికి ఆనిస్తారు. అక్కడి ఎముక గుడ్డు పెంకంత పలచన. సుత్తితో ఒక దెబ్బ కొడితే పగులుతుంది. ఐదో గీత దాకా దింపి పక్కకు వాలుస్తారు. ఏడో గీత దాకా దింపి మళ్లీ ఆడిస్తారు. తర్వాత రెండో కన్ను. పది నిమిషాల్లో అంతా అయిపోతుంది. కుట్లుండవు, కట్టుండదు. కళ్ల చుట్టూ కమిలిన నలుపు కనబడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే సరి.

నలుగురూ చూస్తుంటే ఫ్రీమన్‌కు హుషారు. 1949లో తీసిన ఒక ఫోటో ఉంది. చేతుల్లేని చొక్కాతో ఆయన సుత్తి ఎత్తి నిలబడ్డాడు, చుట్టూ జనం మెడలు చాచి చూస్తున్నారు. 1952లో వెస్ట్ వర్జీనియాలోనైతే పన్నెండు రోజుల్లో 228 మందిని ముగించాం.

ఆ రోజుల సంగతీ చెప్పాలి కదా. మానసిక రోగానికి పనికొచ్చే మందు దాదాపు లేనట్టే. ఆ దేశపు సర్కారు ఆసుపత్రుల్లో ఐదు లక్షలకు పైగా రోగులు మగ్గుతున్నారు. కన్నవాళ్లు ఏ దారీ తోచక వచ్చేవారు. నా దెబ్బ తిన్నాక కొందరు ఇల్లు చేరిన మాటా నిజమే. కానీ రాత్రంతా అరిచే మనిషి కిటికీ దగ్గర కూర్చుని, పక్క తడుపుకుంటూ, పిలిస్తే పలక్కుండా ఉంటే అదీ మెరుగుదల ఖాతాలోకే పోయేది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుండేది వ్యవహారం. నయమైంది వార్డుకి. నర్సుకి నిద్ర దొరికింది. రోగికి ఏమైందన్నది ఎవరికీ పట్టలేదు.

1960లో పన్నెండేళ్ల హోవర్డ్ డల్లీని తెచ్చారు. వాడి మీద సవతి తల్లి ఫిర్యాదులు ఫ్రీమన్ నోట్సులో ఉన్నాయి: వేళకి పడుకోడు, పగటికలలు కంటాడు, బయట ఎండ కాస్తున్నా గదిలో లైటు వేస్తాడు. ఏ ఇంట్లో పిల్లవాడు చేయని పనులివి? వాడి కళ్లలోంచీ నన్ను దింపారు. పెద్దయ్యాక డల్లీ తన కథను పుస్తకంగా తెచ్చాడు.

అప్పటికే నా గిరాకీ పడిపోయింది. సోవియట్ యూనియన్ 1950లోనే లోబోటమీని నిషేధించింది. 1954లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు అమెరికా ఆసుపత్రుల్లోకి వచ్చింది. సుత్తి చేసే పని మాత్ర చేస్తుంటే నన్నెవరు పట్టుకుంటారు? 1967లో బర్క్‌లీలో ఒకామెకు మూడోసారి చేస్తుంటే మెదడులో రక్తస్రావమై చనిపోయింది. దాంతో ఫ్రీమన్ చేతి నుంచి నన్ను శాశ్వతంగా దింపేశారు. ఆయన లెక్కలో మొత్తం సుమారు మూడున్నర వేల లోబోటమీలు జరిగాయి.

మెదడు ఆపరేషన్లు మాత్రం పోలేదు. వదలని ఆలోచనలతో వేధించే ఓసీడీ అనే జబ్బు ఏ మందుకూ లొంగని కొద్దిమందికి ఇప్పుడు మెదడులో సన్నటి ఎలక్ట్రోడు అమర్చి కరెంటు ఇస్తున్నారు. దాన్ని తగ్గించొచ్చు, ఆపొచ్చు, తీసేయొచ్చు. నేను తెంపినవి మళ్లీ అతకవు. ఇంకో తేడా కూడా ఉంది. మీ భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బుకు మెదడు ఆపరేషన్ చేయాలంటే, విషయమంతా తెలుసుకుని రోగే ఒప్పుకోవాలి, పైగా బోర్డు అనుమతి ఉండాలి. బిడ్డ పగలు లైటు వేస్తున్నాడని సవతి తల్లి చెబితే చాలదు.

ఎవరి తలలోకి వెళ్తావని నన్నెవరూ అడగలేదు. సరే, నేను ఇనుప ముక్కని. ఆ బల్ల మీద పడుకున్నవాళ్లనైనా అడిగి, వద్దంటే సుత్తి కింద పెట్టి ఉంటే, మా తాత, ఆ ఐసు సూది, వంటింట్లోనే ఐసు పగలగొట్టుకుంటూ ఉండిపోయేవాడు. నేను పుట్టేదాన్నే కాదు.